దైవం అయిదోది

విశాఖ కూర్మన్నపాలెంలో షట్టర్లు లేచే వేళ రోడ్డు వెంట నడిస్తే ఏ షాపు ముందు చూసినా ఒకటే పద్ధతి. తాళం తీసి గడపకు దణ్ణం పెడతారు. వాకిట్లో నీళ్లు చల్లి చిన్న ముగ్గు వేస్తారు. పటానికి పువ్వు పెట్టి, దీపం వెలిగించి, అగరొత్తిని గల్లాపెట్టె చుట్టూ తిప్పుతారు. ఆ తర్వాతే బోణీ. గేట్లు, గ్రిల్సు, రేకుల షెడ్లు చేసే నా వెల్డింగ్ షెడ్డులోనూ రోజూ దీపం వెలుగుతుంది. అయితే మిగతా షాపుల్లో అది మొదటి పని, నా దగ్గర అయిదోది.

ఈ వరుస చూసి నన్ను రెండు వైపుల నుంచీ అడిగేవాళ్లున్నారు. పక్క టైర్ల షాపు పెద్దాయన భక్తిపరుడు. "ఏటి మేస్త్రీ, ఆయనికి దీపమెట్టకుండానే సిలిండర్ల సుట్టూ తిరుగుతున్నావు? ముందు ఆయన్ని తలుసుకో, మిగతాది ఆయనే సూసుకుంటాడు" అంటాడు. స్టీల్ ప్లాంటులో యూనియన్ పని చేసి రిటైరైన మిత్రుడొకాయన ఉన్నాడు. ఆయన వాదన దీనికి ఎదురు. "ప్రమాదాన్ని ఆపేది వాల్వు, రెగ్యులేటరు. అవన్నీ చూసుకున్నాక ఇంకా దీపం దేనికి?" అని నిలదీస్తాడు.

ఇద్దరి మాటల వెనకా ఉన్న ప్రశ్న ఒక్కటే. పనిచోటుకు పొద్దున వచ్చిన మనిషి సాయంత్రం క్షేమంగా ఇంటికి చేరడం ఎవరి పూచీ? దేవుడిదా, మనదా? ఉక్కు, నూనె, రసాయనాలు, ఓడల మధ్య బతుకుతున్న మా ఊరికి ఇది పురాణ కాలక్షేపంలో తేల్చుకునే ప్రశ్న కాదు. ఇక్కడ చాలా ఇళ్ల నుంచి ఎవరో ఒకరు రోజూ ఏదో ఒక గేటు లోపలికి వెళ్తారు.

నాకు దారి చూపింది భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం. ఏ పని జరగడానికైనా అయిదు కారణాలుంటాయని అక్కడ కృష్ణుడు అర్జునుడికి లెక్క చెబుతాడు. అధిష్ఠానం, కర్త, కరణాలు, చేష్టలు, దైవం. అధిష్ఠానమంటే శరీరమని శంకరాచార్యుల వంటి పెద్దలు వ్యాఖ్యానించారు. షెడ్డులో బతికేవాడిని కాబట్టి నాకది పని జరిగే చోటుగానే అర్థమైంది. చోటు, మనిషి, పనిముట్టు, పని చేసే తీరు, ఆఖరున దైవం. గీత దైవాన్ని తీసెయ్యలేదు, మొదట్లోనూ పెట్టలేదు. మొదటి నాలుగూ మన చేతిలో ఉన్నవి. వాటిని వదిలేసి అయిదోదాన్ని పట్టుకుని వేలాడటం భక్తి ఎలా అవుతుందో నాకు తెలియదు. అందుకే నా షెడ్డు ఉదయాన్ని ఆ వరుసలోనే నడుపుతాను.

మొదటిది చోటు. షట్టర్ సగం ఎత్తి వంగి దూరడం మా దగ్గర లేదు. తాళాన్ని రాత్రి ఎవరైనా కదిపారేమో చూసి, షట్టర్ని పూర్తిగా పైకి ఎత్తుతాను. చుట్టూ తిరిగి వెళ్లి వెనక కిటికీ రెక్క బయటి నుంచే తీస్తాను. తర్వాత కాసేపు బయటే నిలబడతాను. రాత్రంతా బిగిసి ఉన్న గాలి బయటికి పోవాలి. అప్పటిదాకా స్విచ్ వెయ్యను, ఫోను వెలిగించను. లోపలికి వెళ్లాక నిలబడి ఒకసారి, మోకాళ్ల ఎత్తుకు వంగి ఒకసారి వాసన చూస్తాను. ఎసిటిలీన్‌ది వెల్లుల్లి ఘాటు. వంటగ్యాసు గాలి కంటే బరువు, నేలనంటుకుని మూలల్లో, గుంటల్లో ఆగుతుంది. నిలబడ్డవాడి ముక్కుకు అందదు. వాసన లేదని తేలాకే మెయిన్ స్విచ్. ఈ కాస్త వ్యవధి ఇవ్వకుండా అగ్గిపుల్ల గీస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. లీకైన గ్యాసుకు పూజ నిప్పు, బీడీ నిప్పు ఒకటే.

రెండోది మనిషి. కుర్రాళ్లు వచ్చీ రాగానే పని చెప్పను, ముందు మొహం చూస్తాను. రాత్రి నిద్రపోయాడా, జ్వరం తగ్గిందా, పెళ్లి భోజనంలో మందు పుచ్చుకున్నాడా అని అడుగుతాను. కాళ్లకు బూట్లున్నాయా, చొక్కా చేతులు వేలాడుతున్నాయా చూస్తాను. ఒకసారి కొత్తగా చేరిన కుర్రాడు మణికట్టుకు పొడుగాటి ఎర్రదారం కట్టుకుని వచ్చాడు. తీసెయ్యమంటే, "అమ్మోరి దారం మేస్త్రీ, మాయమ్మ కట్టింది, తీస్తే సెడు" అన్నాడు. డ్రిల్లింగ్ మెషిన్ ఆపి, చేతి గుడ్డపీలిక ఒకటి బిట్‌కు తగిలించి స్విచ్ వేసి చూపించాను. రెప్పపాటులో పీలిక మొత్తం చుట్టుకుపోయింది. మీ అమ్మ కట్టింది చెయ్యి ఉండాలనే కదరా అన్నాను. వాడు దారం విప్పి పటం దగ్గర పెట్టాడు. ఇప్పుడు మా షెడ్డులో అందరూ అదే చేస్తారు. సాయంత్రం మళ్లీ కట్టుకుని ఇంటికి వెళ్తారు. అమ్మవారికి ఇందులో అపచారం ఉందని నేననుకోను.

మూడోది పనిముట్టు. నల్ల సిలిండర్ ఆక్సిజన్, మెరూన్ సిలిండర్ డీఏ, అంటే ఎసిటోన్‌లో కరిగించిన ఎసిటిలీన్. రెండూ నిటారుగా, గొలుసు కట్టి ఉండాలి. డీఏని పడుకోబెట్టి వాడకూడదు, లోపలున్న ఎసిటోన్ గ్యాసుతో పాటు బయటికొస్తుంది. ఆక్సిజన్ రెగ్యులేటర్‌ను నూనె చేత్తో ముట్టుకోకూడదు, ఆ ఒత్తిడిలో నూనె తనంతట తనే అంటుకుంటుంది. ఆక్సిజన్‌ది కుడి మర, మండే గ్యాసుది ఎడమ మర. ఒకదాని రెగ్యులేటర్ ఇంకోదానికి పట్టకుండా ముందుతరం వాళ్లు చేసిన ఏర్పాటు అది. సబ్బు నురగ జాయింట్లకు రాసి బుడగ లేస్తుందేమో చూస్తాం. హోస్ పైపును బొటనవేలితో నొక్కుకుంటూ ఈ చివర నుంచి ఆ చివర దాకా పోతాం. పగులు కంటి కంటే ముందు వేలికి తెలుస్తుంది. దసరాకు ఆయుధపూజ చేసేటప్పుడు ప్రతి పనిముట్టునూ తుడిచి బొట్టు పెడతాం కదా. ఆ తుడవడంలోనే సగం తనిఖీ ఉంది. మనవాళ్లు ఏడాదికోసారి పెట్టిన పనిని మేం రోజూ చేస్తున్నాం.

నాలుగోది పని చేసే తీరు. ఇవాళ ఏం కొయ్యాలి, ఎవరు కోస్తారు, ఎవరు పట్టుకుంటారు, రవ్వలు ఏ వైపు పడతాయి, అటు ఏముంది? ఇసుక బకెట్ ఎక్కడుంది? డాబా మీద పనైతే కింద మనుషుల్ని ఆపేదెవరు? కరెంటు తీగలు దగ్గరుంటే లైను ఆపించే ఎల్‌సీ తీసుకున్నారా? ఈ మాటలన్నీ పని మొదలవకముందే అందరూ వింటుండగా చెప్పుకుంటాం.

ఈ నాలుగూ అయ్యాక చేతులు కడుక్కుని దీపం వెలిగిస్తాను.

అసలు ఈ శ్రద్ధంతా తెరిచేటప్పుడు, మూసేటప్పుడే ఎందుకు? పని నడుస్తున్నంతసేపూ ప్రమాదం లేదా? ఉంది. కానీ నడుస్తున్న పనికి కళ్లుంటాయి, పదిమందీ దాని మీదే ఉంటారు. ఆగిన పనికి తాళం ఉంటుంది. ఆగిన స్థితి నుంచి నడిచే స్థితికి, నడిచే స్థితి నుంచి ఆగే స్థితికి మారే ఘడియ మాత్రం ఎవరిదీ కాకుండా పోతుంది. ఫ్యాక్టరీల భద్రత చదివినవాళ్లు ప్లాంటును మొదలుపెట్టేటప్పుడు, ఆపేటప్పుడు, షిఫ్టు మారేటప్పుడు మరింత జాగ్రత్తగా ఉండమని చెబుతారు. మన పురాణం ఈ మాటను చాలాకాలం కిందటే చెప్పింది, అదీ మా కొండ మీదున్న స్వామి కథలోనే.

హిరణ్యకశిపుడు వరం అడిగినప్పుడు తనకు తెలిసిన అపాయాలన్నిటికీ అడ్డుకట్ట వేసుకున్నాడు. పగలు చావు లేదు, రాత్రి లేదు. ఇంట్లో లేదు, బయట లేదు. అంతటి తపస్వి బుద్ధికి తట్టనిది సంధ్యవేళ, అందనిది గడప. నరసింహుడు ఆ వేళలో, ఆ చోటనే ప్రత్యక్షమయ్యాడు. సింహాచలంలో ఉన్నది వరాహ నరసింహ స్వామి. హిరణ్యాక్షుణ్ణి చంపిన రూపం, హిరణ్యకశిపుణ్ణి చంపిన రూపం ఒకే మూర్తిలో ఉన్న క్షేత్రం. ఆ అన్నదమ్ములు మొదట ఎవరు? వైకుంఠం వాకిట కావలి కాసిన జయవిజయులు. లోపలికి రావలసిన సనకాది మునులను గుర్తించలేక అడ్డుపడి శాపం పాలైన ద్వారపాలకులు. వాకిట్లో జరిగిన పొరపాటుతో మొదలైన కథ గడప మీద ముగిసింది. వాకిలి దగ్గర నిలబడేవాడికి ఎవరు వస్తున్నారో, ఎవరు వెళ్తున్నారో తెలిసి ఉండాలి. ఏ ఫ్యాక్టరీ గేటుకైనా, నా రేకుల షెడ్డుకైనా ఇంతకంటే పెద్ద పాఠం లేదు.

మన దేవాలయాలు కూడా తెరవడాన్ని, మూయడాన్ని ఇష్టానికి వదల్లేదు. తిరుమలలో తెల్లవారుజామున సుప్రభాతానికి సన్నిధి గొల్ల ముందు నడుస్తాడు. అర్చకులు వెంట ఉంటారు. ఉండవలసినవాళ్లు ఉన్నాకే బంగారు వాకిలి తెరుచుకుంటుంది. రాత్రి ఏకాంత సేవతో ఆ రోజు ముగుస్తుంది. ఎవరు ముందు, ఏది తర్వాత అన్నది తరతరాలుగా స్థిరపడి ఉంది. ఆ రోజు పూజారికి ఉత్సాహం ఉన్నా లేకపోయినా వరుస మారదు. సేఫ్టీ వాళ్లు చెక్‌లిస్టు అనేది ఇలాంటిదే. మనిషి మనసు రోజుకో తీరుగా ఉంటుంది కాబట్టి వరుస ఒక్క తీరుగా ఉండాలి.

ఇక తెరవడం, మూయడం అనేవే లేని పనిచోటు ఒకటి మా ఊరి పక్కనే ఉంది. స్టీల్ ప్లాంటు కోసం భూములిచ్చి లేచిపోయిన ఊళ్లలో మాదీ ఒకటి. అలా లేచిపోయినవాళ్లకు ఇచ్చిన ఆర్ కార్డు మీద మా నాన్నకు కోక్ ఓవెన్స్‌లో ఉద్యోగం వచ్చింది. కోక్ ఓవెన్ బ్యాటరీని ఒకసారి వేడెక్కించాక దశాబ్దాల పాటు చల్లారనివ్వరు, చల్లారితే లోపలి సిలికా ఇటుకలు పగులుతాయి. బ్లాస్ట్ ఫర్నేసుదీ అదే సంగతి. 1990లో గోదావరి, 1992లో కృష్ణ, 2012లో అన్నపూర్ణ ఫర్నేసులు వెలిగాయి. మూడింటికీ మనకు అన్నం పెట్టే పేర్లే పెట్టుకున్నారు. వాటిని రాత్రి ఆపేసి పొద్దున వెలిగించుకోవడం కుదరదు. తాళం పడని అలాంటి చోట గడప ఎక్కడుంటుంది? ఆరింటికి, రెండింటికి, రాత్రి పదింటికి ఉంటుంది. ఏ షిఫ్టు, బీ షిఫ్టు, సీ షిఫ్టు మారే ఆ మూడు వేళలే ఆ ప్లాంటుకు మూడు సంధ్యలు.

నాన్న చార్జ్ ఇచ్చే తీరు నాకు బాగా తెలుసు, ఎందుకంటే ఇంట్లోనూ ఆయన అలాగే మాట్లాడేవాడు. రిలీవర్ రానిదే సీటు వదిలేవాడు కాదు. వచ్చాక లాగ్ బుక్ చేతికిచ్చి సంతకం పెట్టి వచ్చేసేవాడూ కాదు. ఏ తలుపు బిగుసుకుంటోంది, ఏ వాల్వు మూసి ఉంచారు, ఎందుకు మూశారు అని నోటితో చెప్పి, అవతలి మనిషి తిరిగి చెప్పేదాకా నిలబడేవాడు. "రాసినది కాయితానికి తెలుస్తాది. సెప్పినది మడిసికి తెలుస్తాది. రెండూ గావాలి" అనేవాడు. ఆయన గుడికి వెళ్లడం తక్కువ. నాకు తెలిసిన గొప్ప అనుష్ఠానం ఆయన చార్జ్ అప్పగింతే.

ఈ అప్పగింత తప్పితే ఏమవుతుందో ప్రపంచం 1988 జులై 6న చూసింది. బ్రిటన్ దగ్గరి ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా అనే చమురు వేదిక మీద పగటి షిఫ్టువాళ్లు ఒక పంపు సేఫ్టీ వాల్వును మరమ్మతుకు విప్పారు. ఆ సంగతి రాత్రి షిఫ్టుకు చేరలేదు. రెండో పంపు ఆగిపోయిన హడావుడిలో వాళ్లు ఈ పంపును నడిపారు. 167 మంది చనిపోయారు. దైవం అక్కడ ఏం చేసిందో నాకు తెలియదు. చెప్పకుండా పోయిన ఒక్క మాట ఏం చేసిందో మాత్రం తెలుసు.

మా విశాఖ దుఃఖాల్లోనూ ఇలాంటి సంధి ఘడియలున్నాయి. 2012 జూన్ 13 రాత్రి స్టీల్ ప్లాంటులో ఉక్కు కరిగించే ఎస్‌ఎంఎస్-2 విభాగంలో కొత్త ఆక్సిజన్ విభాగానికి ట్రయల్ నడుస్తుండగా పేలుడు జరిగి 19 మంది పోయారు. మొదలుపెట్టే ఘడియ అది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడింది. లాక్‌డౌన్‌లో మూతపడిన ఫ్యాక్టరీని మళ్లీ తెరవబోతున్న రోజులవి. 12 మంది చనిపోయారు. ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ విచారించి కారణాలు చెప్పింది. ట్యాంకును చల్లబరిచే యంత్రం ఇరవై నాలుగు గంటలూ నడవలేదు. ఉష్ణోగ్రత కొలిచేది ట్యాంకు అడుగున మాత్రమే, పైభాగం ఎంత వేడెక్కిందో తెలుసుకునే దారి లేదు. సైరన్లు ఉండి కూడా మోగలేదు.

ఆ వారంలో మా వీధిలో విన్న మాట ఒకటుంది. "రాసిపెట్టి ఉంటే ఎవరాపగలరు?" అన్నారు. మంచి మనసుతో, ఓదార్పుగానే అన్నారు. నేను మాత్రం ఆ మాటను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. నిద్రలో ఉన్న పసిపిల్ల నుదుటి మీద స్టైరీన్ అని ఎవరు రాస్తారు? అక్కడ రాయవలసింది ట్యాంకు లాగ్ బుక్కులో. రాయవలసినవాళ్లు వేరే ఉన్నారు. పోయినవాళ్ల పూర్వజన్మను తవ్వి కారణం వెతికితే ఈ జన్మలో బాధ్యత ఉన్నవాళ్లు తేలిగ్గా తప్పించుకుంటారు. కర్మ సిద్ధాంతాన్ని నేను నమ్ముతాను. దాన్ని ఎదుటివాడి శవం మీద ప్రయోగించడం ధర్మం కాదని కూడా నమ్ముతాను. నా కర్మను నేను లెక్క చూసుకోవడానికే అది.

ఈ సంగతి ఆలోచిస్తున్నప్పుడే గీత చెప్పిన అయిదు కారణాలు నాకు ఇంకో వైపు నుంచి కనిపించాయి. వెంకటాపురంలో పడుకున్నవాళ్ల వైపు నుంచి చూడండి. వాళ్ల ఇల్లు బాగానే ఉంది. వాళ్లు ఏ తప్పూ చెయ్యలేదు. ఏ పనిముట్టునూ ముట్టుకోలేదు. ఏ ప్రయత్నమూ మానలేదు. నాలుగూ సరిగానే ఉన్నా ఎక్కడి నుంచో అయిదోది వచ్చి మీద పడింది. వాళ్ల వరకూ అది దైవం. కానీ ఫ్యాక్టరీ గోడ లోపలి నుంచి చూస్తే అందులో దైవమేమీ లేదు. అది ఒక చోటు, కొందరు మనుషులు, ఒక యంత్రం, చెయ్యకుండా వదిలేసిన కొన్ని పనులు. ఒకరు వదిలేసిన నాలుగు ఇంకొకరికి అయిదోదై తగులుతున్నాయి.

ఈ ఒక్కటి అర్థమయ్యాక షట్టర్ తాళంచెవి నాకు చేతిలో బరువుగా తోచడం మొదలైంది. నా షెడ్డు గోడకు ఆనుకుని టిఫిన్ సెంటరుంది, దాని పైన ఒక కుటుంబం కాపురముంటోంది. నా సిలిండర్ వాల్వు మూశానో లేదో వాళ్లకు తెలియదు, తెలుసుకునే దారీ లేదు. వాళ్లు పడుకునేటప్పుడు దేవుడికి దణ్ణం పెట్టుకుని పడుకుంటారు. ఆ దణ్ణంలో నా వాల్వు కూడా ఉంది. నాకు తెలియకుండానే వాళ్ల దైవంలో నాకు ఒక పాలు దక్కింది. ఇంత పెద్ద పదవి ఇచ్చాక మనిషి దాన్ని నిర్లక్ష్యం చేస్తే అంతకు మించిన పాపం ఏముంటుంది?

దేవుడి సన్నిధి కూడా ఈ నియమానికి బయట లేదు. 2025 ఏప్రిల్ 30న సింహాచలం చందనోత్సవం. ఏడాదంతా చందనంలో ఉండే స్వామి నిజరూపంతో కనిపించే ఒకే ఒక్క రోజు. తెల్లవారకముందే క్యూలో నిలబడ్డ భక్తుల మీద కొత్తగా కట్టిన గోడ వానకు కూలి ఏడుగురు చనిపోయారు. ఆ వేళ అక్కడ నామస్మరణకు కొదవ లేదు. గోడ గట్టిదో కాదో చూడటం స్వామి తన మీద పెట్టుకోలేదు, కట్టినవాళ్ల మీద, కట్టించినవాళ్ల మీద పెట్టాడు.

ఇప్పుడు నా యూనియన్ మిత్రుడికి జవాబు. నాలుగూ చూసుకున్నాక దీపం దేనికి? నాలుగూ చూసుకున్నానన్న ధీమాను దించుకోవడానికి. అదే పద్దెనిమిదో అధ్యాయంలో, ఇన్ని కారణాలుండగా తానొక్కడే కర్తననుకునేవాడు సరిగ్గా చూడలేనివాడని కూడా కృష్ణుడు చెబుతాడు. చాలా ఏళ్ల అనుభవముంది, నాకు తెలియనిదేముంది అనుకున్న మేస్త్రీ దగ్గరే కళ్లజోడు మెడలో వేలాడుతుంటుంది. నింపిన కంపెనీలో సిలిండర్‌ను ఎలా పరీక్షించారో నేను చూడలేదు. పై అంతస్తు వైరింగు నాకు కనిపించదు. ఒక కుర్రాడి మనసులో ఇంటి గొడవ ఎంత సలుపుతోందో వాడు చెప్పడు. నాకు అందనివి ఇన్ని ఉన్నాయని రోజుకోసారి తల వంచి ఒప్పుకోవడమే నా దీపం. ఒప్పుకున్నవాడు మర్నాడు మళ్లీ వాసన చూస్తాడు, మళ్లీ నురగ రాస్తాడు. భక్తి నాకు చేసే మేలు ఇదీ. తల వంచడం మానేసినవాడు వంగి నేల దగ్గర వాసన చూడటం కూడా మానేస్తాడని నా భయం.

సాయంత్రం ఇదే వరుస తిరగబడుతుంది. దైవం ముందుకొస్తుంది. సంధ్యవేళ దీపం పెట్టామంటే ఆ రోజుకు టార్చ్, గ్రైండర్, వెల్డింగ్ అన్నీ ఆగినట్టే. మా కుర్రాళ్లకు అది గంట కొట్టినట్టు. ఎంత తొందర పనైనా, గేటు కోసం వచ్చిన ఆసామి ఎంత అరిచినా దీపం వెలిగాక నిప్పు లేదు. రవ్వ చెక్కపొట్టులోనో, గోనెసంచి మడతలోనో దాక్కుని చాలాసేపటి తర్వాత రాజుకుంటుంది. అందుకే నిప్పు పని ఆగాక గంటసేపు షెడ్డులో మనుషులు ఉండాలి. ఆ గంటలో ఊడుస్తాం, లెక్కలు చూసుకుంటాం, రేపటి కొలతలు రాసుకుంటాం.

తర్వాత సిలిండర్లు. ఇది ఎవరికి అప్పగించినా పక్కన నిలబడి చూస్తాను. ముందు సిలిండర్ వాల్వు బిగించాలి. అక్కడితో అయిపోయిందనుకుంటారు చాలామంది. హోసులో గ్యాసు ఇంకా బిగబట్టుకుని ఉంటుంది. ఆరుబయట టార్చ్ వాల్వు ఒకటి తెరిస్తే సన్నగా బుస్సుమంటూ పోతుంది. గేజి ముల్లు వణుకుతూ దిగుతుంది. సున్నా దగ్గర ఆగాక కూడా ఒక్క క్షణం చూడాలి. మళ్లీ పైకి లేచిందంటే సిలిండర్ వాల్వు పూర్తిగా మూసుకోలేదని అర్థం. లేవకపోతే రెగ్యులేటర్ మర వదులు చేసి, టార్చ్ వాల్వు మూసి, రెండో గ్యాసుకు ఇదే మళ్లీ చెయ్యాలి. కొత్త కుర్రాళ్లు ముల్లు సున్నాకు రాగానే మొహం తిప్పుకుంటారు. ఆ ఒక్క క్షణం ఆగి చూడటం నేర్పడానికి నెలలు పడుతుంది. అది వచ్చినవాడికి పని వచ్చినట్టే.

ఆ తర్వాత మెయిన్ స్విచ్, ఆ తర్వాత దీపం కొండెక్కించడం. ఒత్తిని నూనెలోకి లాగి, పొగ ఆగేదాకా ఉంటాను. వెలుగుతున్న దీపాన్ని లోపల వదిలి తాళం వెయ్యడం శుభమని కొందరు నమ్ముతారు. మూసిన గదిలో కాపలా లేని నిప్పు శుభం కాదు, అది గుళ్లో అయినా, ఇంట్లో అయినా, షాపులో అయినా.

ఇక ఆఖరిది మనుషులు. షట్టర్ దించే ముందు నేను పేరు పేరునా పిలుస్తాను. అందరూ బయట నా ఎదురుగా నిలబడితేనే షట్టర్ కిందికొస్తుంది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, 2022 మార్చి 23 తెల్లవారుజామున సికింద్రాబాద్ బోయిగూడలో తుక్కు గోదాం కాలిపోయింది. పై అంతస్తులో పడుకున్న బీహారు కూలీలు పదకొండుమంది చనిపోయారు. కిందికి వచ్చే దారి ఆ గోదాంలోంచే, దాని షట్టర్ మూసి ఉంది. ఒక్కడు మాత్రం బయటపడ్డాడు. సరుకు పోకుండా తాళం వేసుకోవడం ఎవరైనా చేస్తారు. తాళం లోపల మనిషి ఉన్నాడా అని చూడటం వేరే ధర్మం, అది ముందు రావలసిన ధర్మం.

మా జంక్షన్లో 2021 ఫిబ్రవరి నుంచి ఉక్కు కార్మికుల దీక్షా శిబిరం నడిచింది. ప్లాంటు అమ్మొద్దని, ఆపొద్దని అడిగారు. వాళ్లతో నేనూ కూర్చున్నాను. పనిచోటు బతకాలని పోరాడే మనం, పనిచోట మనిషి బతకాలని కూడా అంతే పట్టుదలగా అడగాలి. చార్జ్ అప్పగించడానికి మనిషే లేకుండా సీట్లు ఖాళీగా ఉంచితే అడగాలి. కాంట్రాక్టు కూలీకి బూట్లు ఇవ్వకుండా లోపలికి పంపితే అడగాలి. అడగడం దేవుడి మీద అపనమ్మకం కాదు, ఆయన మనకు అప్పగించిన నాలుగింటినీ అడగడమే.

మీది ఏ వ్యాపారమైనా కావచ్చు. మిషన్ కుట్టే షాపు, హోటలు, గోదాం, ట్యూషన్ సెంటరు. రోజూ తాళంచెవి మీ చేతిలో ఉంటే, మీకు తెలియని ఎవరి దైవంలోనో మీకూ పాలు ఉంది. పొద్దున అగ్గిపుల్ల గీసే ముందు తలుపులు తెరిచి గాలి రానివ్వండి. రాత్రి తాళం వేసే ముందు లోపలికి వెళ్లి గదులు, అటక, బాత్రూం చూడండి, పేరు పెట్టి పిలవండి. పనివాళ్లు అక్కడే పడుకుంటారా? అయితే బయటి నుంచి తాళం వెయ్యకండి, రెండో దారి చూపించండి. దారి లేకపోతే అక్కడ పడుకోనివ్వకండి. తర్వాత మీ దేవుడికి దణ్ణం పెట్టుకోండి.